మందుగది సీపీయూ మొరాయించిన పది రోజులు

ముందుగా

ఫలితం: సీపీయూ నడుస్తోంది. మందు దిగింది. ఏడుగురూ బాగున్నారు.

మా ఎగువ వీధిలో దినచర్య పుస్తకంలో ఏం రాసినా ఫలితం ముందు రాయాలి, కథ తర్వాత. సూటిమాట నియమం అది. ఎందుకొచ్చిందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను పాకే వయసులో ఉండగా మా వీధివాడొకడు గాలి తలుపు దగ్గర నిలబడి రేడియోలో "వెళ్ళొస్తాను" అని చెప్పి బయటికి వెళ్లాడు. అతనికి వచ్చే ఉద్దేశం లేదు. దిగువ వీధిలో పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. వీళ్లేమో వస్తానన్నాడు కదా అని గడియ తీసిపెట్టి రెండు రోజులు కూర్చున్నారు. బయట గాలే లేని ఈ నేల మీద, వీధిలో గాలి సగానికి సగం పోయింది. అప్పటి నుంచి ఇక్కడ వెళ్లేవాడు "వెళ్తున్నాను" అనాలి. లేనిదాన్ని "లేదు" అనాలి. దీపం ఆరితే ఆరిందనే అనాలి. అశుభమని మాట మార్చి చెప్పే అలవాటు రేడియోలోనే కాదు, మా వంటిళ్లలో కూడా పోయింది. సామెతలు మాత్రం ఒప్పుకుంటారు. అదీ లేకపోతే నేను ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేదాన్ని.

నియమం మంచిదే. కానీ ఈసారి దాని పుణ్యమా అని మునిగిపోబోయాం. ఎలాగో కింద ఉంది. కంగారు పడకుండా చదవండి.

రాజ్యం, మందుగది

1వ రోజు

తీగలు మార్చడానికి పొద్దున వీధి మొత్తానికీ గంటన్నర కరెంటు ఆపారు. ముందే చెప్పారు కాబట్టి సీపీయూను నేనే పద్ధతిగా ఆపాను. నేను ఈ గదికి వచ్చాక అది ఆగడం ఇదే మొదలు. కరెంటు వచ్చాక మీట నొక్కాను. ఫ్యాను తిరగలేదు, దీపం వెలగలేదు, కుయ్యిమని కూడా అనలేదు. మళ్లీ నొక్కాను. ఇంకోసారి గట్టిగా నొక్కాను. గట్టిగా నొక్కితే వింటుందని ఎవరు చెప్పారో నాకూ తెలియదు.

ఇది మా ముత్తాతల సామానుతో భూమి నుంచి వచ్చిన డెస్క్‌టాప్. మందు కుండ నుంచి వచ్చే లావు తీగ దీనికి తప్ప ఇంకే యంత్రానికీ పట్టదు. మేం చేత్తో పట్టుకు తిరిగే పలకలకు అలాంటి రంధ్రమే లేదు. కుండలో తోడు, అంటే మందు పుట్టించే సూక్ష్మజీవులు, వేశాక వేడి ఎంత ఉండాలో, గాలి ఎంత పోవాలో, ఎప్పుడు కలపాలో గంటగంటకూ ఈ సీపీయూ చూసుకుంటుంది. అలా ఐదు రోజులు చూసుకుంటే ఇన్సులిన్ దిగుతుంది. ఇన్సులిన్ మీద బతికేవాళ్లు వీధిలో ఏడుగురున్నారు. అందులో ఒకరు మా అక్క మాణిక్యం.

ఫ్రిజ్ తెరిచి సీసాలు చూశాను. ఏడుగురికీ తొమ్మిది రోజులకు వస్తాయి. కుండకు ఐదు రోజులు కావాలి. అంటే నాకున్నవి నాలుగు రోజులు.

గోడ ప్లగ్గులో టేబుల్ ల్యాంపు పెట్టి చూస్తే వెలిగింది. అమ్మయ్య, గోడ బాగానే ఉంది. వైరు మార్చాను. వెనకవైపు చిన్న స్విచ్చి ఆన్‌లోనే ఉంది, అయినా రెండుసార్లు ఆపి వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మధ్యాహ్నం అన్నానికి వెళితే అక్క కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో బయటి తొడుగుకు మాసిక వేస్తోంది. బయట అడుగుపెట్టాలంటే ఆ తొడుగు ఉండాలి, అది కుట్టాలంటే మా అక్కే ఉండాలి. వీధిలో సగం మంది ప్రాణాలు ఆమె కుట్ల మీద ఉన్నాయి.

"ఏమే, ముఖం అలా వేలాడేశావు?"

"సీపీయూ ఆన్ కావడం లేదక్కా."

"రెండు తగిలించి చూశావా?"

"తగిలించాను. నా చెయ్యే నొప్పెట్టింది."

నవ్వింది. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా, మందు ఎన్ని రోజులకు ఉందని అడిగింది. తొమ్మిది అన్నాను. "అయితే బోలెడు టైముంది, ముందు తిను" అంది.

2వ రోజు

డబ్బా విప్పాను. మూత లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. రాత సన్యాసిరావుగారిది. ఆయన నాకు ముందు ఇరవై ఆరేళ్లు ఈ గదిని చూసిన మనిషి, దిగువ వీధి నుంచి వచ్చి పనిచేసేవాడు, పోయినేడు చనిపోయాడు. చీటీలో ఇలా ఉంది: "బిళ్ల సెల్లు నిండుకుంది. గమనించగలరు."

బిళ్ల సెల్లు అంటే బోర్డు మీద చొక్కా బొత్తామంత ఉండే బ్యాటరీ. దాన్ని ఊడదీస్తే సీపీయూ తన కొలతలన్నీ మరిచిపోతుందని, ఊరికే కెలకవద్దని నాకు పని నేర్పేటప్పుడు పదిసార్లు చెప్పారు. నిండుగా ఉందని ఆయనే రాసిపెట్టాక ఇక దాని జోలికి వెళ్లడం ఎందుకు? ఏ లోకాన ఉన్నాడో గానీ నాకొక పని తగ్గించాడు మహానుభావుడు అనుకుని, చీటీకి ఒక దణ్ణం కూడా పెట్టాను. ఆ దణ్ణం సంగతి దాచాలని ఉంది, కానీ నియమం ఒప్పుకోదు.

తర్వాత కరెంటు పంచే డబ్బా, ఎస్ఎంపీఎస్. దాన్ని బోర్డు నుంచి విడదీసి, పచ్చ తీగనూ నల్ల తీగనూ పిన్నీసుతో కలిపాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ప్రాణం లేచొచ్చింది. అది పోయి ఉంటే తేవడానికి ఈ నేల మీద ఇంకొకటి లేదు.

మెమరీ కార్డులు తీసి, వాటి బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఊది, మళ్లీ గుచ్చాను. నొక్కాను. ఏమీ లేదు. ఇంకోసారి రుద్దాను. రబ్బరు అరిగింది తప్ప లాభం లేదు.

3వ రోజు

ముందువైపు మీటే పాడైందేమోనని దాని తీగలు పీకి, బోర్డు మీద ఉన్న రెండు పుల్లలనూ స్క్రూడ్రైవరుతో తాకించాను. మీట మంచిదైనా చెడ్డదైనా ఇలా తాకిస్తే బోర్డు లేవాలి. లేవలేదు. అక్కర్లేనివన్నీ ఊడదీసి, ఉండాల్సినవి మాత్రం ఉంచి చూశాను. బల్లనిండా సామాను పరిచి మధ్యలో నేను కూర్చున్నాను. అటువైపు ఎవరైనా వస్తే తిట్టేదాన్ని, అదృష్టం బాగుండి ఎవరూ రాలేదు.

దిగువ వీధికి రేడియోలో అడిగాను, ఇలాంటి బోర్డు ఇంకొకటి ఉందా అని. లేదన్నారు. సన్యాసిరావుగారి పనిముట్ల పెట్టె వాళ్లావిడ పైడమ్మగారి దగ్గర ఉందట. రేపటి బండిలో తనే పట్టుకొస్తానని కబురు చేసింది.

ఇంట్లో అక్క నా ఎదుటే మూడు చెంబుల నీళ్లు తాగింది. ఏమిటే అన్ని నీళ్లు అంటే, "పచ్చట్లో ఉప్పెక్కువైంది" అంది. సూటిమాట వీధిలో పుట్టి పెరిగిన మనిషి, నమ్మాను.

4వ రోజు

గడువు ఈరోజే. పొద్దుటి బండిలో పైడమ్మగారు వచ్చింది. డెబ్బై ఏళ్లు ఉంటాయి, సన్నగా గడకర్రలా ఉంటుంది. పెట్టె బల్ల మీద పెట్టి, విప్పి ఉన్న సీపీయూను చూసి, "అయ్యో, పేగులన్నీ బయటెట్టేసినావేటమ్మా" అంది. పెట్టెలో పట్టకార్లు, టేపు, తీగ ముక్కలు, ఒక మీటరు ఉన్నాయి. బోర్డును లేపేది మాత్రం ఏమీ లేదు. నా ఆశంతా ఆ పెట్టె మీదే పెట్టుకున్నాను. దాచడం ఎందుకు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆవిడ అది చూసింది కాబోలు, మాట మార్చింది.

"ఉత్తి సేతుల్తో వచ్చీసినానమ్మా. ఏటైనా ఒండి తెద్దునుగానీ, ఇంట్ల కందిపప్పు నిండుకుంది."

"నిండుగా ఉంటే ఒక గ్లాసుడు తేవాల్సింది కదండీ" అన్నాను. నిజంగానే అన్నాను. మా వీధిలో పప్పు చూసి నెల దాటింది.

ఆవిడ ముఖం ముడుచుకుంది. "ఎకసెక్కాలా? నిండుకుందంతన్నాను."

"అదేనండీ నేనూ అంటున్నాను. డబ్బా నిండా ఉంది కదా, కొంచెం తెస్తే పోయేదేముంది?"

నన్ను ఎగాదిగా చూసింది. నేను వేళాకోళం ఆడటం లేదని తెలిసినట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ, మీ ఈదిల ఈ మాట తెలీదేటి? డబ్బా కాలీ. గింజ నేదు. ఇంట్ల తిండిగింజ నేదు అనకూడదమ్మా, అచ్చిరాదు. అందికని నిండుకుంది అంతాం."

నా చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"పప్పుకేనా అలా అంటారు? సెల్లుకు కూడా అంటారా?"

"మా ఇంటాయన దేనికైనా అనీవోడు. ఈ గదిల కూకున్నన్నాళ్లూ అయిపోయింది అన్న మాట నోటెంట రానిచ్చినోడు కాదు. మందు కాడ ఆ మాట అనకూడదనీవోడు."

ఇంకేం రాయను? ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి, సెల్లు చచ్చిపోయిందని, చూసుకోమని, తనకు తెలిసినంత మర్యాదగా రాసి అంటించి పోయాడు. నేను దాన్ని మా వీధి చదువుతో చదివి, చూడాల్సిన ఒక్కదాన్నీ వదిలేసి మిగతా డబ్బా అంతా రెండు రోజులు రుద్దాను. కరెంటు ఆగనన్నాళ్లూ ఆ సెల్లు చచ్చినా బతికినా సీపీయూకు పట్టలేదు. ఆగి మళ్లీ లేవాల్సి వచ్చినప్పుడే దాని అవసరం పడింది. ఈ తరహా బోర్డు అది లేకపోతే కళ్లే తెరవదు.

ఆవిడ తెచ్చిన మీటరే పెట్టి చూశాను. మూడు వోల్టులు చూపించాల్సిన చోట సున్నాకు కాస్త పైన ఆగింది. అంత దరిద్రపు అంకె చూసి అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. కారణం దొరికింది, అది చాలు.

ఆ కొలత బిళ్ల వీధిలో ఎక్కడా లేదు. కానీ మూడంటే ఒకటిన్నర, ఒకటిన్నర. గోడ గడియారంలోంచి ఒక సెల్లు, అక్క గడియారంలోంచి ఒకటి తెచ్చి, తలా తోకా కలిపి టేపుతో కట్టాను. రెండు కొసలకూ తీగలు అతికించి, బిళ్ల కూర్చునే గూట్లో కూడిక వైపు, తీసివేత వైపు చూసుకుని దోపాను. పైడమ్మగారు తీగ ఊడకుండా వేలితో పట్టుకుంది.

"నొక్కమంతావా?"

"నొక్కండి."

ఫ్యాను తిరిగింది. పచ్చ దీపం వెలిగింది. కుయ్యిమంది. నేను నేల మీద కూర్చుండిపోయాను. పైడమ్మగారు డబ్బా మీద చెయ్యి వేసి, ఫ్యాను అదురు అరచేతికి తగులుతుంటే, కాసేపు అలాగే నిలబడింది. ఆయన చేతులు ఆడిన చోటు అది. 

5వ రోజు

లేచింది గానీ కొలతలన్నీ మరిచిపోయింది. తాను పుట్టిన ఏడాది జనవరి ఒకటో తారీఖు అంటోంది. కుండ తీగ ఏ రంధ్రానికి ఉందో కూడా దానికి గుర్తులేదు. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చేసరికి ఈరోజు మధ్యాహ్నమైంది. గోరువెచ్చగా దాచుకున్న తోడు కుండలో వేశాను. పదో రోజు మధ్యాహ్నానికి మందు దిగుతుంది. తొమ్మిదో రోజు రాత్రితో ఫ్రిజ్‌లోది అయిపోతుంది. పదో రోజు పొద్దుటి సూది ఎవరికీ ఉండదు. ఒక్క పూట. ఏడుగురితోనూ మాట్లాడి, టిఫిను మానేసి మధ్యాహ్నం దాకా ఆగేట్టు డాక్టరుగారు ఒప్పించారు.

ఏడుగురితో అన్నాను గానీ, ఆరుగురితోనే మాట్లాడారు. అక్కకు చెప్పడానికి నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఆమె మంచం మీద ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఊపిరి లోతుగా తీస్తోంది, ఊపిరిలో మాగిన పండు వాసన వస్తోంది. మందుగదిలో పనిచేసేదాన్ని, ఆ వాసన దేనిదో నాకు చెప్పక్కర్లేదు.

"ఎంత వేసుకుంటున్నావే?"

"సగం."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు ముఖం వేలాడేసుకుని వచ్చిన రోజు నుంచి." పెదాలు తడుపుకుని అంది, "మిగతావాళ్లు చిన్నవాళ్లు కదే. నీకు ఒకటి రెండు రోజులు తక్కువైతే పనికొస్తుందని."

కుట్టుపని పెట్టెలో గుడ్డలో చుట్టి, తడిగుడ్డ కప్పి పెట్టింది మిగిల్చిన మందు. నేను తిట్టాను. మా అమ్మ చనిపోయాక ఇన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు. తిడుతూనే డాక్టరుగారిని పిలిచాను. ఆయన చెప్పినట్టు సెలైను ఎక్కించి, తను ఎవరికోసమో దాచిన ఆ మందే తనకు ఎక్కించాను. సాయంత్రానికి ఊపిరి నెమ్మదించింది. పండు వాసన తగ్గింది. "నీ తిట్లకే తగ్గింది" అంది. మాట్లాడొద్దన్నాను.

6వ రోజు

అక్క గంజి తాగింది. కుండలో వేడి సరిగ్గా ఉంది. సీపీయూ ఫ్యాను కాస్త గరగరలాడుతోంది. ఆడనీ, ఎంతసేపైనా వింటాను.

పైడమ్మగారు మధ్యాహ్నం బండికి బయల్దేరింది. గాలి తలుపు దగ్గర తొడుగు వేసుకుంటూ, "ఎల్లొస్తానమ్మా" అంది. తలుపు కాపలా ఆయన ఠక్కున నా వైపు చూశాడు. నియమం ప్రకారం నేను "వెళ్లండి" అనాలి. నా నోటికి ఆ మాట రాలేదు. "వెళ్లిరండి" అన్నాను. అతను పుస్తకంలో నా పేరు రాసుకున్నాడు. రాసుకోనీ.

7, 8 రోజులు

చెప్పుకోదగ్గదేమీ లేదు. అలా రాయగలగడమే గొప్ప సంగతి. వీధి పెద్ద వచ్చి కారణం ఏమిటని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. "మా అమ్మమ్మ అనేదనుకుంటానమ్మా ఈ మాట" అన్నాడు చివరికి. దిగువ వీధి మాటలు తెలిసిన మనిషి ఒకరు ఇకనుంచి మా పాత చీటీలన్నీ ఒకసారి చదవాలని తీర్మానం చేశారు. నేనైతే గడియారం సెల్లుల కట్టు మీద కొత్త చీటీ అంటించాను. "ఈ సెల్లులు ఏడాదికోసారి మీటరు పెట్టి చూడాలి, ఎవరేం రాసినా సరే" అని.

9వ రోజు

రాత్రి సూదితో ఫ్రిజ్ ఖాళీ. తలుపు తెరిచి చూస్తే చలి తప్ప ఏమీ లేదు. భయమేసింది. కుండ దగ్గరికి వెళ్లి అంకెలు చూసుకుని వచ్చి పడుకున్నాను, నిద్ర బాగానే పట్టింది.

10వ రోజు

ఏడుగురూ పొద్దున ఏమీ తినకుండా మందుగది ముందు బెంచీల మీద కూర్చున్నారు. ఆకలి మీద ఉన్నారేమో, ఒకరి మీద ఒకరు చిరాకుపడుతున్నారు. మధ్యాహ్నం కుండ కింద మొదటి సీసా నిండింది. పరీక్ష చేశాను, సరిగ్గా ఉంది. మళ్లీ చేశాను. వరసగా అందరికీ సూదులు వేశాను. అక్క చివర కూర్చుంది, ఆమెకు మాత్రం సూది వంకరగా దించాను.

"సరిగ్గా పొడవవే, నేను గుడ్డను కూడా ఇలా పొడవను" అంది.

గది తుడిచి ఇంటికి వెళ్లేసరికి అన్నం తిని, కంచం కడిగి, కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ముఖంలో రంగు వచ్చింది. గూట్లో బయటి తొడుగులు మడతపెట్టి ఉన్నాయి. పదకొండు. ఒక్కోదానికి ఒక చీటీ, చీటీ మీద ఎవరిదో పేరు, ఎక్కడ కుట్టిందో, ఇంకెన్నాళ్లకు మళ్లీ చూడాలో. నెల పని అది. మొదటి ఐదు రోజులు సగం మందు మీద, ఎండిన నోటితో కుట్టి, ఈ పది రోజుల్లో పూర్తి చేసింది. మంచం పట్టిన రోజున కూడా కుట్టిందన్నమాట. ఎందుకు తొందరపడిందో నాకు అప్పుడు అర్థమైంది.  అక్కడే కూర్చుని ఆ చీటీలన్నీ చదివాను. నా పేరు ఎక్కడా లేదు.

"నాది ఏదే?" అన్నాను.

మంచం కింద నుంచి తీసింది. ఎడమ చెయ్యి ఇంకా అతకలేదు. సూది దానికే గుచ్చి ఉంది.

"అందరివీ అయ్యాయి, నాది మాత్రం కాలేదా?"

"నీది కూడా కుట్టేస్తే నాకిక పనేం మిగులుతుందే?" అంది. "రోజూ కూర్చుని నాలుగు కుట్లు వేశాను. నాలుగూ విప్పేశాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నా తల నిమిరి, దారం తెంపుకుంది. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తానంది. తొందరేం లేదన్నాను. నాకు బయటికి వెళ్లే పనేమీ లేదు.